రాజుగారు వేటకెళ్ళిన ఇల్లు

మొన్న మా వీధిలో పెళ్ళి కుదిరిన పిల్ల ఒకతి ఫోను పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"మామ్మా, పుట్టమన్ను ఎక్కడ దొరుకుద్ది? ఇందులో సూస్తే మొక్కల మట్టి ఉంది, సేపల తొట్లో ఏసే మట్టి ఉంది, పుట్టమన్ను నేదు. ఆర్డరు పెడితే రాదేటి?" అని సగం తెలుగులో, సగం బర్మా మాటల్లో అడిగింది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. బర్మాలోని మా పజుండౌంగు పేటలో ఈ ప్రశ్న ఇన్నేళ్ళూ ఒక్క గుమ్మంలోకే వెళ్ళేది. పోయిన వానాకాలంలో ఆ గుమ్మంలోంచి ఆమెను మోసుకెళ్ళారు. ఇప్పుడు ఆ గదిలో ఎవరో కుర్రజంట అద్దెకుంటున్నారు.

ఆమెను అందరం పుట్టత్త అనేవాళ్ళం. వరసకి ఎవరికీ అత్త కాదు, వీధి మొత్తానికి అత్త. పెళ్ళికి ముందు పాలికల్లో నవధాన్యాలు చల్లడానికి పుట్టమన్ను కావాలి కదా. పూర్వం ఊళ్ళోనే కాలవగట్టున పుట్టలు ఉండేవట. సిమెంటు పడ్డాక పుట్టలు పోయాయి, మన పెళ్ళిళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ మన్ను కోసం ఆడవాళ్ళని వెంటేసుకుని ఊరు దాటించి తీసుకెళ్ళే పని ఆమెది. ఎవరు అప్పగించారో తెలియదు. నేను కాపురానికి వచ్చేటప్పటికే అది ఆమె పని.

పొట్టి మనిషి. కింద బర్మా లుంగీ, పైన భుజాల చుట్టూ తుండు. బుగ్గలకి ఇక్కడి ఆడవాళ్ళందరిలా తనకా గంధం, నుదుట మాత్రం విబూది. నడక వేగం. మాట ఇంకా వేగం. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ ముఖం చూడదు, చేతులు చూస్తుంది. "నోరు అబద్దం ఆడతాది, సేతులు ఆడలేవు" అనేది. ఆమె ముందు నేను చేతులు కట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

బస్సెక్కితే నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్ళి బర్మా భాషలో చెప్పేది: "బాబూ, పెళ్ళి సామాను ఉంది, గోతులు చూసుకో." అతను నిజంగానే చూసుకునేవాడు. తిరుగు ప్రయాణంలో ఎవరైనా బర్మా ఆవిడ ఒడిలోని మూట చూసి, "అందులో ఏముంది అఫ్వా?" అని అడిగితే (అఫ్వా అంటే వాళ్ళ మాటలో మామ్మ), అత్త "పెళ్ళికూతురు" అనేది. మూట విప్పి చూపించేది. పసుపుగుడ్డలో గుప్పెడు మన్ను. ఆవిడ చూసి, తల ఊపి, జరిగి చోటిచ్చేది. ఇంకేమీ అడిగేది కాదు.

మేము వెళ్ళే దిబ్బ తన్లిన్ ఊరు దాటి చాలా లోపలికి ఉంది. బస్సు దిగి, టీకొట్టు పక్కనుంచి పొలాల్లోకి నడవాలి. దిబ్బ అంటాం గానీ నిజానికి నాలుగు పలకలుగా పోసిన మట్టిగట్టు. కొన్నిచోట్ల ఛాతీ ఎత్తు, కొన్నిచోట్ల అరిగి మోకాలి ఎత్తు. చుట్టూ కందకం. వానల్లో దాన్నిండా నీళ్ళు, ఎండల్లో తూడు, బురద. తూర్పువైపు గట్టు ఒకచోట తెగి ఉంటుంది. లోపలికి దారి అదే. లోపల ఏమీ లేదు. రాయి లేదు, ఇటుక లేదు. గడ్డి, మూలగా పెద్ద చీమలపుట్ట. ఎప్పుడో ఒక మోన్ జాతి రాజు వేటకొచ్చినప్పుడు దిగేవాడనీ, కర్రతో కట్టిన విడిది ఉండేదనీ ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. కర్ర పోయింది, మట్టి మిగిలింది.

మనమైతే విని ఊరుకుంటాం. అత్త ఊరుకోలేదు. అది రాజుగారి ఇల్లు, రాజుగారు వేటకెళ్ళారు, ఇంకా రాలేదు. ఆమె లెక్క అది. యజమాని లేనప్పుడు ఇంట్లోకి వెళ్ళేవాళ్ళకి ఒక పద్ధతి ఉండాలి. చెప్పులు ఆ తెగిన చోట విడవాలి. గట్టెక్కి దిగకూడదు, ఎంత దూరమైనా చుట్టూ తిరిగి రావాలి. మా వదిన, నా మొగుడి అక్క, ఒకసారి బురదకి విసుగొచ్చి అరిగిన చోట గట్టు దాటబోయింది.

"ఒలే, ఒలే! గోడ గెంతి వొస్తావేటే, దొంగ గుంటా? గుమ్మం నేదేటి ఆ ఇంటికి?"

"ఇదేటి గోడ అత్తా, నా మోకాలంత నేదు!"

"నీ ఇంటి గోడ కూలిపోతే నాను గెంతి వొచ్చీనా? అన్నం తిని పోతానా, నీ బిందె అట్టుకుపోతానా?"

వదిన కాలు వెనక్కి తీసుకుంది. మా వదిన ఎవరి మాటా వినే మనిషి కాదు.

ఇంకో సంగతి. పుట్టమన్ను తీయవలసింది ముత్తయిదువలు. అత్త భర్త రేవులో పని చేసేవాడు, చిన్న వయసులోనే పోయాడు. అందుకని దారి అంతా ఆమెదే, పద్ధతి అంతా ఆమెదే, లోపలికి మాత్రం వచ్చేది కాదు. ఆ తెగిన చోట మా చెప్పుల పక్కన కూర్చునేది. మా అమ్మాయి పెళ్ళికి వెళ్ళినప్పుడు నాకు మనసొప్పక, "రా అత్తా, ఇక్కడెవరు సూస్తారు?" అన్నాను.

"సూసీవోడు ఏటకెల్లేడు గానీ, నానున్నాను కదేటే సూడ్డానికి" అంది.

కూర్చుని ఊరుకుంటుందా? మేము పుట్టకి పాలు పోసి, పసుపు చల్లి, గునపంతో మన్ను తీసేంతసేపూ ఆమె రాజుగారితో మాట్లాడుతుండేది. పెద్దగానే.

"రాజుబాబూ, ఎల్లిపోనావా? మద్దేన్నం ఎండలో ఏటి దొరుకుద్దయ్యా నీకు? నేడి కూడా నీడన పడుకునుంటాది. మా ఆడోల్లు లోపలికెల్లేరు. ఏటీ ముట్టుకోరు. గుప్పెడు మన్ను, అంతే. మంచి సంబందం, కుర్రోడు బేంకిలో పని సేస్తాడు. రాణిగారిని తేలేదేటి? దోమలకి బయపడిపోయిందా?"

నేడి అంటే లేడి. ఆమె బర్మా భాష బాగానే మాట్లాడేది గానీ రాజుతో మాత్రం మన మాటే.

"ఆ రాజుకి మన మాట అర్దమవుద్దేటి అత్తా?" అని వదిన ఏడిపించేది.

"తెలిసీదాకా సెప్తాను. నాకు మట్టుకి పుట్టగానే వొచ్చేసిందేటి బర్మా మాట?"

పెళ్ళయ్యాక పదహారో రోజు పండక్కి మొలకెత్తిన పాలికల్ని నీళ్ళలో విడవాలి. మిగతావాళ్ళు ఎక్కడ నీళ్ళుంటే అక్కడ విడుస్తారు. అత్త ఒప్పుకునేది కాదు. ఎక్కడి మన్ను అక్కడికే వెళ్ళాలి. మళ్ళీ బస్సెక్కి, ఆ చిన్న మట్టిగిన్నెల్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, కందకంలో ఒకచోట వరసగా దించి వచ్చేది. దానికి ముత్తయిదువలు అక్కరలేదు, కందకం ఇంటి బయటే కదా. ఆ పని ఆమె ఒక్కతే చేసుకునేది. "అప్పు తెచ్చిన సోల తిరిగియ్యమేటి?" అనేది. ఎన్ని పెళ్ళిళ్ళ గిన్నెలు అలా ఆ బురదలోకి దిగాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ముసలితనంలో, గుడిలో ఆదివారం పిల్లల పక్కన కూర్చుని. అది తెలిసి ఒకరోజు అంది: "ఏదో ఒకనాడు నువ్వు నా గురించి రాస్తావు, నాకు తెలుసు. రాయి. పేరు మాత్రం రాయకు. పేరెడితే అదెవరో వేరే ఆవిడనిపిస్తాది." అందుకే పేరు రాయడం లేదు.

మా మనవరాలి పెళ్ళి కుదిరినప్పుడు అత్తకి కాళ్ళు వాపులు. వద్దన్నాను. వినలేదు. అయిదుగురు ఆడవాళ్ళం, ఆమె. ఎప్పటిలా బస్సు దిగి టీకొట్టులో కూర్చున్నాం. ఆమె టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటోంది. కొట్టతను మమ్మల్ని గుర్తుపట్టి, కొత్త కబురు చెప్పకుండా ఉండలేక దగ్గరికి వచ్చాడు.

ఆ భూమి ఆసామి దిబ్బని చదును చేసి ఇళ్ళస్థలాలుగా అమ్మాలని చూస్తున్నాడట. మట్టి తోడే యంత్రం కూడా మాట్లాడుకున్నాడట. ఇంతలో ఎవరో చదువుకున్నవాళ్ళు నలుగురు వచ్చి, ఇది పాత కట్టడం కావచ్చు, చూసేదాకా ఆగమన్నారట. కొలతలు తీశారు, కొద్దిగా తవ్వారు.

"మొదట ఏమీ దొరకలేదు. ఇక పోయిందే అనుకున్నాం. తరవాత కందకంలో దొరికాయి" అన్నాడు కొట్టతను. అతని ముఖం వెలిగిపోతోంది. "గిన్నెలు! చిన్న చిన్న మట్టిగిన్నెలు, వరసగా. రాజుగారి గిన్నెలు. ఇంకేం కావాలి? ఇక దీన్ని ఎవడూ ముట్టుకోలేడు. ఊరంతా సంబరంగా ఉంది."

అత్త సాసరు కింద పెట్టింది. టీ తాగలేదు.

అతను అటు వెళ్ళగానే వదిన పమిట నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలెట్టింది. "ఓలమ్మో! రాజుగారి గిన్నెలట! అందులో నా కొడుకు పెళ్ళివి కూడా ఉంటాయి. అత్తా, నువ్వు రాణిగారివైపోయావు!"

అత్త నవ్వలేదు. "ఆల్లకి సెప్పాల" అంది.

"ఏటి సెప్తావు?"

"అవి మనియని."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, పల్లకుండు. నువ్వు సెప్పేవంటే రాజూ నేడు, గిన్నెలూ నేవు. రేపే యంత్రం వొచ్చేస్తాది. అవి మనియైతే ఏటి, దిబ్బ మిగుల్తాది కదా. నీ దిబ్బే కదా."

"నాది కాదు."

"పోనీ, ఆయనదే. ఆయన ఇల్లు నిలబడతాది కదేటి? ఎవరికి నష్టం?"

వదిన కూడా నవ్వు ఆపింది. "అదీ నిజమే అత్తా. నోరు మూసుకుంటే పుణ్యం."

అత్త తన చేతులు చూసుకుంది. ఆ దిబ్బ పోతే ఆమెకి ఏం పోతుందో మా అందరికీ తెలుసు. పెళ్ళిళ్ళకి పిలిచే చుట్టాలు లేరు ఆమెకి, పిల్లలు లేరు. ఆ దారి తెలియడం ఒక్కటే ఆమెది. చివరికి అంది: "ఆయన ఊల్లో నేనప్పుడు, ఆయన ఇంటి గురించి అబద్దం సెప్పి నిలబెట్టమంటారేటే? ఆయనొచ్చి అడిగితే ఏటి సెప్పాల?"

టీ డబ్బులిచ్చి లేచి నడిచాం.

గట్టు తెగిన చోట నేను చెప్పులు విడిచాను. అత్త కూడా విడిచింది. లోపల, గడ్డి మధ్య, నీలం టార్పాలిన్ కింద బల్ల వేసుకుని ఒక బర్మా అమ్మాయి కూర్చుని ఉంది. చదువుకున్న ఆడమనిషిని ఇక్కడ సయామా అంటారు, అంటే టీచరమ్మ. బల్ల మీద బుట్ట. బుట్టలో మన గిన్నెలు, కడిగి పెట్టి ఉన్నాయి. అత్త ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ లోపలికి అడుగు పెట్టడం నేను చూసింది అదే మొదలు. కాలు పెట్టే ముందు వంగి నేల ముట్టుకుని, కళ్ళకద్దుకుంది. ఆ వేళ రాజుగారితో ఏమీ మాట్లాడలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సయామా, ఇవి రాజువి కావు. మా పెళ్ళిళ్ళవి. నేనే పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు, వీళ్ళ తప్పు లేదు" అంది బర్మా భాషలో, ఒక్క ఊపిరిలో.

ఆ అమ్మాయి కంగారుగా లేచి తన కుర్చీ ఇచ్చింది. అత్త కూర్చోలేదు.

"అవి కొత్తవని మాకు తెలుసు అఫ్వా."

"తెలుసా?"

"మొదటిరోజే తెలిసింది." బుట్టలోంచి ఒక గిన్నె తీసి తిరగేసి చూపించింది. అడుగున, సగం ఊడిన చిన్న కాగితం. చిమిండైంగ్ బజారు కొట్టులో అంటించిన ధర చీటీ. "రాజుగారు బజారులో బేరమాడి ఉండరు కదా" అంది. "రాజుగారివి అని మేం ఎవరితోనూ అనలేదు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. మేం కాదన్నా వినడం లేదు."

వదిన నా వీపు మీద ఒకటి చరిచింది, పడబోయాను. అత్తకి మాత్రం కోపం వచ్చింది. దారి పొడుగునా మోసుకొచ్చిన బరువు ఎక్కడ దించాలో తెలియనివాళ్ళకి వచ్చే కోపం.

"తెలిస్తే మరి పారెయ్యకుండా కడిగి ఎందుకు దాచావమ్మా?"

"ఎవరో జాగ్రత్తగా, ఒక్కటి కూడా బోర్లా పడకుండా పెట్టినవి. అడగడానికి వస్తారేమో అనుకున్నాను" అంది ఆ పిల్ల. తరవాత కూర్చోబెట్టి అన్నీ అడిగింది. పెళ్ళేమిటి, మన్నేమిటి, మొలకలేమిటి. అత్త మొదట ముక్తసరిగా చెప్పింది, ఆ తరవాత ఆపలేకపోయాం.

చివరికి అత్త అసలు సంగతి అడిగింది. "ఇది రాజు ఇల్లు అవునా, కాదా?"

"కావచ్చు. వేటకొచ్చినప్పుడు దిగే విడిది కావచ్చు. చిన్న కోట కావచ్చు. పశువుల్ని తోలే దొడ్డి కూడా కావచ్చు. గట్టు మాత్రం చాలా పాతది, అందులో అనుమానం లేదు. గిన్నెలతో పని లేదు. గట్టు కోసమే దీన్ని ఉంచమని అడుగుతాం. వింటారో లేదో."

అత్త మా వైపు తిరిగి తెలుగులో అంది: "ఒలే, ఇన్నేల్లూ నాను గొడ్లసాలకి దణ్ణం ఎట్టేనేటే?"

మేము పగలబడి నవ్వుతుంటే సయామా ఏమిటని అడిగింది. చెప్పాం. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. అత్త ఆ నాలుగు గట్లూ ఒకసారి కలయచూసి, "దొడ్డయితే దొడ్డి. గొడ్లకి మట్టుకి ఇల్లొద్దేటి?" అంది.

ఇక మీదట లోపల తవ్వకూడదంది సయామా. కందకానికి అవతల పొలంగట్టున ఇంకో పుట్ట ఉందని తనే తీసుకెళ్ళి చూపించింది. మనవరాలి పెళ్ళికి మన్ను అక్కడ తీశాం. తరవాత కొన్నాళ్ళకి దిబ్బ చుట్టూ కంచె వేశారు, బోర్డు పెట్టారు. ఆ ఆసామి యంత్రం రాలేదు. బోర్డు మీద కూడా 'కావచ్చు' అనే రాసి ఉంది, బర్మా అక్షరాల్ని నేను కూడబలుక్కుని చదివాను. కబురు చెబితే అత్త, "సాల్లే, కాదన్నేదు కదా" అంది.

కానీ ఆ రోజు సంగతి ఇంకా అవలేదు. వచ్చేటప్పుడు సయామా గిన్నెల బుట్ట అత్త చేతిలో పెట్టింది. ఎవరివి వాళ్ళకి ఇవ్వడం ఆమెకి మర్యాద. మాకు పెద్ద చిక్కు. నీళ్ళలో విడిచినవి మళ్ళీ ఇంటికి తేకూడదు. తీసుకోనంటే ఆ పిల్ల మనసు కష్టపడుతుంది. పైగా పెళ్ళిమన్నూ ఈ బుట్టా ఒకే ఒళ్ళో ఉండకూడదు. అందుకని బస్సులో ముందు సీట్లో మన్ను, వెనక సీట్లో గిన్నెలు. దిగాక మన్ను పట్టుకున్నవాళ్ళు నేరుగా ఇంటికి. అత్త, వదిన, నేను పజుండౌంగు కాలవకి.

పడవలు కట్టే మెట్ల మీద అత్త కూర్చుంది. సాయంత్రపు పోటు వచ్చి నీళ్ళు పైమెట్టు దాకా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, చూసి, విడిచింది. "ఇది నీ కూతురిది. ఇది ఆ పడవలోడి సెల్లిది, మొగుడితో ఏగలేక వొచ్చీసింది, పాపం. ఇది ఎవల్దో, మర్చిపోనాను." గుర్తుపట్టినవి నిజంగా గుర్తుపట్టిందో, ఊరికే అందో నాకు తెలియదు. ఆమె చేతులు మాత్రం వణకలేదు.

చివరికి ధర చీటీ ఉన్న గిన్నె మిగిలింది.

"దాన్నలాగే ఒగ్గీ అత్తా" అంది వదిన. "ఏ వెయ్యేల్లకో ఈ కాలవ ఎండిపోయి ఎవలైనా తవ్వితే, ఆ సీటీ సూసి ఇది రాజుది కాదని తెలుసుకుంటారు. మల్లా ఎవలూ గాబరా పడక్కర్నేదు."

అత్త గిన్నె తిప్పి ఆ చీటీ కేసి చూసింది. నీళ్ళలో ముంచి, బొటనవేలి గోరుతో నెమ్మదిగా గీకడం మొదలెట్టింది. కాగితం పోయింది, జిగురు పోయింది. తుండుతో అడుగు శుభ్రంగా తుడిచింది.

"ఇదేటి? మద్దేన్నం నిజం సెప్పకపోతే ప్రాణం పోద్దన్నట్టు సెప్పేవు కదా?" అంది వదిన.

"ఇయాల సెప్పడానికి నానున్నాను, సెప్పేను" అంది అత్త. "అప్పటికి నానుండను కదేటి. మనకీ ఒక రాజు ఉండీవోడని అనుకోనీ."

గిన్నెని నీళ్ళ మీద పెట్టి వేలితో తోసింది. కొంచెం దూరం తేలి, ఒక పక్కకి ఒరిగి, మునిగింది.